వ్రేలాడే ఆలయాన్ని మోస్తున్నదేమిటి?



ఐగుప్తు అనగానే మనకు ఫరో, ఇటుకల పని, పది తెగుళ్లు గుర్తుకొస్తాయి. అయితే హేరోదు కత్తికి దొరకకుండా పసిబాలుడైన యేసుకు చోటిచ్చింది కూడా ఆ దేశమే (మత్తయి 2:13-15). ఆ దేశంలో నేటికీ ఒక ప్రాచీన సంఘం ఉంది. మార్కు సువార్తికుడే తమకు సువార్త తెచ్చాడని వారు నమ్ముతారు. వారిని కోప్టులు అంటారు. వారి ఆలయాల్లో ఒకదాని గురించి ఈ వారం మనం ధ్యానిద్దాం.

అది కైరో నగరంలో, పాత కైరో అనే పేటలో ఉంది. మరియ పేరున కట్టిన ఆలయం. అరబ్బీలో దాన్ని 'అల్ ముఅల్లఖా' అంటారు, అంటే వ్రేలాడదీసినది అని అర్థం. అది తాళ్లతో వ్రేలాడడం లేదు. పాత రోమా కోట ఒకటి అక్కడ ఉండేది. ఆ కోట దక్షిణ ద్వారానికి ఇరువైపులా ఉన్న రెండు బురుజుల మీద ఈ ఆలయాన్ని కట్టారు. జనం కూర్చునే మందిర భాగం బురుజుల నడుమ దారి మీద, గాలిలో నిలిచినట్టు ఉంటుంది. అందుకే ఆ పేరు. లోపలికి వెళ్లాలంటే 29 మెట్లు ఎక్కాలి. పూర్వం ఆ కోటగోడలు ఇంకా ఎత్తుగా కనిపించేవి. వందల ఏళ్లలో చుట్టూ నేల మట్టం మీటర్ల కొద్దీ పెరిగిపోయింది.

ఆ కోట పేరు బబులోను. నెబుకద్నెజరు ఏలిన బబులోను వేరు, ఇది వేరు. ఇది నైలు నది ఒడ్డున రోమా సైన్యం కాపలా ఉన్న కోట. ట్రాజన్ చక్రవర్తి కాలంలో ఇక్కడ కట్టడం మొదలైంది. సుమారు 300వ సంవత్సరంలో దాన్ని పెద్ద కోటగా కట్టించినవాడు డయోక్లీషియన్.

ఈ పేరు దగ్గర కాస్త ఆగుదాం. 303లో సంఘాన్ని హింసించమని ఆజ్ఞలు జారీచేసింది ఈ డయోక్లీషియనే. ఆలయాలు కూల్చారు, లేఖనాలు తగలబెట్టారు, విశ్వాసుల్ని చంపారు. ఐగుప్తులో ఆ దెబ్బ చాలా ఘోరంగా తగిలింది. అలెక్సంద్రియ సంఘ కాపరి పేతురు 311లో హతసాక్షి అయ్యాడు. ఆ చక్రవర్తి గద్దెనెక్కిన 284వ సంవత్సరం నుండి ఐగుప్తులో సంవత్సరాలు లెక్కపెట్టే అలవాటు ఉండేది. కోప్టులు ఆ లెక్కను పారేయలేదు, దాని పేరు మార్చారు. 'హతసాక్షుల శకం' అన్నారు. నేటికీ వారి సంఘ క్యాలెండరులో అదే లెక్క. చక్రవర్తి పేరు పోయింది, అతను చంపించినవారి పేరు నిలిచింది.

అతని కోటకూ అదే జరిగింది. 641లో అరబ్బు సైన్యం ఆ కోటను పట్టుకుంది, రోమా కాపలా వెళ్లిపోయింది. ఆ శతాబ్దం చివరలో ఈ ఆలయం కట్టారని ఎక్కువమంది చరిత్రకారులు అంటారు. అంతకు ముందే అక్కడ ఆరాధన జరిగేదని కోప్టుల సంప్రదాయం. ఎలా చూసినా, సంఘాన్ని తుడిచివేయాలని చూసినవాడి బురుజులే సంఘానికి పునాది అయ్యాయి. పగ తీర్చుకోవడానికి వారు ఆ గోడల్ని పడగొట్టలేదు. వాటి మీద బలిపీఠం నిలబెట్టారు.

ఇక పునాది సంగతి. బురుజుల శిథిలాల మీద ఖర్జూరపు దుంగలు పరచి, వాటిపై రాళ్లు పేర్చి ఆధారం చేసుకున్నారు. మన పాత ఇళ్లకు తాటి దూలాలు వేసినట్టే అనుకోండి. పైకి ఎక్కినవారు చూసేది వేరు. చెక్కతో కట్టిన వంపు పైకప్పు నోవహు ఓడను బోర్లించినట్టు ఉంటుంది. తూర్పున మూడు గర్భాలయాలు ఉన్నాయి, నడుమది మరియ పేరున, ఇరుపక్కలవి బాప్తిస్మమిచ్చు యోహాను పేరున, జార్జి అనే హతసాక్షి పేరున. వాటి ముందు ఎబోనీ అనే నల్లకర్రలో ఏనుగు దంతం పొదిగిన అడ్డుతెర. అందరూ వీటిని చూసి మెచ్చుకుంటారు. బరువు మోసే దుంగల్ని ఎవరు మెచ్చుకుంటారు?

సన్నని పాలరాతి స్తంభాల మీద ఒక ప్రసంగ వేదిక కూడా ఉంది. స్తంభాలు ప్రభువుకూ శిష్యులకూ గుర్తు అని అక్కడివారు చెబుతారు. అందులో ఒకటి నల్లనిది, అది యూదాకు గుర్తట. ఒకటి బూడిద రంగుది, అది సందేహించిన తోమాకు గుర్తట. వాక్యం చెప్పే మావంటివారికి ఇది గట్టి హెచ్చరిక. ఆ వేదిక ఎక్కే ప్రతి బోధకుడి కాళ్ల కింద యూదా స్తంభం కూడా ఉంది.

10వ శతాబ్దంలో ఈ ఆలయాన్ని చాలావరకు తిరిగి కట్టించినవాడు అబ్రాహాము అనే ప్రధాన కాపరి (975–978). ఆయన కాలం గురించి కోప్టులు తరతరాలుగా ఒక కథ చెప్పుకుంటారు. మీ విశ్వాసం నిజమైతే కొండను కదిలించి చూపమని పాలకుడు అడిగాడట. సంఘమంతా మూడు రోజులు ఉపవాసముండగా, అబ్రాహాము ఈ ఆలయంలోనే ప్రార్థించాడట. అప్పుడు దేవుడు చూపించిన మనిషి ఎవరో తెలుసా? సీమోను అనే తోళ్లు శుద్ధిచేసే పనివాడు. రోజూ తెల్లవారకముందే నీళ్లు మోసుకెళ్లి ముసలివారికీ రోగులకూ పోసి, ఆ తర్వాత పనికి వెళ్లేవాడట. ఆ రోజుల జ్ఞాపకంగానే క్రీస్తు జననానికి ముందుండే ఉపవాసంలో మూడు రోజులు కలుపుకున్నామని వారంటారు. అది సంప్రదాయంగా వచ్చిన కథే. అయినా ఒక సంఘం తన మహిమను ఎవరి భుజం మీద చూసుకుందో గమనించండి. రాజు భుజం మీద కాదు, నీళ్లకుండ మోసిన భుజం మీద.

11వ శతాబ్దంలో అలెక్సంద్రియ నుండి ప్రధాన కాపరి పీఠం కైరోకు మారినప్పుడు ఈ ఆలయమే దానికి నిలయమైంది. తర్వాత కష్టకాలాలెన్నో వచ్చాయి. వారి కోప్టు భాష ఇళ్లలో వినబడకుండా పోయి, ఆరాధనలో మాత్రం మిగిలింది. భూగర్భజలం పునాదుల్లోకి ఊరింది, 1992 భూకంపం గోడల్ని దెబ్బతీసింది. ఏళ్ల తరబడి మరమ్మతు చేసి 2014లో మళ్లీ తెరిచారు.

ప్రియులారా, మన సంఘాల్లో కొన్ని రేకుల కప్పు కింద, కొన్ని అద్దె గదుల్లో కూడుకుంటున్నాయి. మందిరం కట్టలేకపోయామని కుంగిపోయేవారున్నారు. ఎదిరించేవారిని చూసి బెదిరిపోయేవారూ ఉన్నారు. అలాంటివారు ఆ బురుజుల్ని తలచుకోండి. ఈ రోజు మీకు అడ్డుగోడగా కనిపించేదాన్ని దేవుడు రేపు పునాదిరాయిగా వాడగలడు. మీ పనికి గుర్తింపు లేదని బాధపడే అమ్మలారా, అయ్యలారా, చాపలు పరిచేవారూ, రోగుల ఇళ్లకు వెళ్లి ప్రార్థించేవారూ, మీరు ఆ ఖర్జూరపు దుంగలు. పైనున్న పాటంతా మీ మీదే నిలిచి ఉంది.

ఈ వారం మన సంఘంలో ఎవరికీ కనబడకుండా బరువు మోస్తున్న ఒకరి ఇంటికి వెళ్లి, వారి చేయి పట్టుకుని వందనాలు చెప్పండి. ప్రభువు మిమ్మల్ని స్థిరపరచును గాక. ఆమేన్.