దేవరగట్టు బన్ని: పోరు రూపం, దాని అర్థం

కర్నూలు జిల్లా హొళగుంద మండలంలోని దేవరగట్టు కొండపై మాళ మల్లేశ్వరస్వామి కొలువై ఉన్నాడు. విజయదశమి రాత్రి అక్కడ జరిగే ఉత్సవాన్ని పత్రికలు ‘కర్రల సమరం’ అంటాయి. భక్తులు ‘బన్ని’ అంటారు. ఈ రెండు పేర్ల మధ్య అంతరం చిన్నది కాదు. బన్ని అంటే కన్నడంలో జమ్మిచెట్టు. కన్నడసీమను ఆనుకొని ఉన్న ప్రాంతం కనుక ఈ పేరు నిలిచింది. పాండవులు ఆయుధాలను దాచిన చెట్టు పేరే పోరుకు పేరు కావడం ఆలోచించదగిన విషయం.

యుద్ధకళారూపాలకు అర్థం ఎలా సమకూరుతుందో చూడటానికి కొరియా తైక్వాండో ఒక మంచి పోలిక. అందులో ఒక శాఖకు ఆద్యుడైన చోయ్ హాంగ్ హీ 24 రూపాలను కూర్చాడు. అవి దినంలోని 24 గంటలకు సంకేతం. వాటిలో ‘చుంగ్‌మూ’ 1598లో యుద్ధంలో మరణించిన నౌకాసేనాని యి సున్‌షిన్ బిరుదనామం. ఆ రూపం ఎడమచేతి దాడితో ముగుస్తుంది. సేనాని తన శక్తిని పూర్తిగా చూపకుండానే మరణించాడన్న విచారానికి అది సూచన. ఇక్కడ అర్థాన్ని కదలికలోనే నిక్షిప్తం చేసి, వివరణను కూడా కర్తే రాసిపెట్టాడు.

బన్నికి అటువంటి కర్త లేడు. కర్రసాములో గురువు ఉంటాడు, అడుగుల వరుస ఉంటుంది. బన్నిలో కర్ర తిప్పడానికి నిర్ణీత క్రమమేదీ లేదు. కనుక దీనిని కర్రసాముకు మరో రూపంగా వర్ణించడం సరికాదని నా అభిప్రాయం. ఇక్కడ అర్థం చేతిలో లేదు, దారిలో ఉంది. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట గ్రామస్థులు ముందుగా పాలబాస చేస్తారు. అంటే పాలు ముట్టుకొని కట్టుబాటు చెప్పుకుంటారు. తరువాత ఉత్సవమూర్తులకు కాపుగా కొండ దిగుతారు. మూర్తులను తమవైపు తిప్పుకోవాలని ఇతర గ్రామాలవారు ఎదురునిలుస్తారు. ఇనుప కట్లు వేసిన కర్రలు, దివిటీల మధ్య ఊరేగింపు రక్షపడకూ, అక్కడినుంచి జమ్మిచెట్టుకూ సాగుతుంది.

రక్షపడ దగ్గరే అసలు ప్రశ్న ఎదురవుతుంది. స్వామి మణి, మల్లాసురులను వధించినప్పుడు వారికి ఏటా పిడికెడు రక్తం దక్కేలా వరమిచ్చాడని స్థలకథ. ఈ రాక్షసుల కథే జెజూరి ఖండోబా సంప్రదాయంలోనూ ఉంది. ఓరుగల్లులోని మైలారదేవుని వీరభటుల సాహసకృత్యాలను ‘క్రీడాభిరామము’ వర్ణించింది. స్థలకథ కోరిన ఆ రక్తాన్ని ఒక్క గొరవయ్య తన తొడ నుంచి తీసి అర్పిస్తాడు. అంటే కథ అడిగినది అక్కడితో తీరిపోతున్నది. ఏటా పదులకొద్దీ తలలు పగలడానికి ఈ కథలో ఆధారం లేదు. కాబట్టి ‘ఆచారం’ అన్న ఒక్కమాటతో ఆ గాయాలను సమర్థించే పరిశోధకుడు మొదట స్థలకథనే సరిగా చదవలేదనాలి.

తెల్లవారుజామున బసవన్న గుడి వద్ద భవిష్యవాణి చెబుతారు. వానలు ఎలా ఉంటాయి, పత్తికీ జొన్నకూ ఏ ధర పలుకుతుంది అన్నవే అందులో ప్రధానం. గాయాలకు పసుపు అద్దుకున్నవారు కూడా ఆ మాట వినేదాకా అక్కడినుంచి కదలరు.