చెవుడు జాడ: కర్ణభేరి నుంచి నాడి దాకా

చెవి లోపల పుట్టుకతోనే కొంత గాలి చిక్కుకుని ఉంటుందనీ, బయటి శబ్దానికి అది కదలడమే వినడమనీ అరిస్టాటిల్ కాలం నుంచి యూరప్ నమ్ముతూ వచ్చింది. ఆ నమ్మకానికి దాదాపు రెండు వేల ఏళ్ల ఆయుష్షు. ఈ లోగా చెవుడంటే ఏదో దారి మూసుకుపోవడమే అనుకున్నారు.

పదహారో శతాబ్దపు శవచ్ఛేదనలు చెవి లోపలి నిర్మాణాన్ని బయటపెట్టాయి. మధ్య చెవిలోని కూటకం, దాగలి అనే రెండు ఎముకలను వెసాలియస్ 1543లో వర్ణించాడు. మూడోదైన కర్ణాంతరాస్థిని మూడేళ్లకు నేపుల్స్‌లో ఇంగ్రాసియా చూశాడు. చెవిని గొంతుతో కలిపే గొట్టాన్ని యూస్టాకీ 1560లలో వివరించాడు. జలుబు చేసినప్పుడు చెవులు దిబ్బడ వేసేది ఈ గొట్టం మూసుకుపోవడం వల్లే. లోపలి చెవిలో గాలి కాదు, ద్రవం ఉందని కొటూన్యో 1760 ప్రాంతంలో చూపాడు.

మూడు ఎముకలు ఎందుకున్నాయో ద్రవం సంగతి తెలిశాకే బోధపడింది. గాలిలోంచి వచ్చిన శబ్దం నేరుగా ద్రవానికి తగిలితే దాదాపు అంతా వెనక్కి మళ్లుతుంది. పెద్ద కర్ణభేరి మీది ఒత్తిడిని ఈ ఎముకలు లోపలి చెవికి ఉన్న చిన్న కిటికీ మీదికి చేర్చి, సుమారు ఇరవై రెట్లు పెంచుతాయి. గులిమి గట్టిపడినా, చీము పట్టినా, ఎముక బిగుసుకుపోయినా శబ్దం లోపలికి సరిగా చేరదు. లండన్ వైద్యుడు జోసెఫ్ టాయిన్‌బీ పందొమ్మిదో శతాబ్దంలో వెయ్యికి పైగా చెవులను కోసి చూసి, బిగుసుకుపోయిన కర్ణాంతరాస్థులను గుర్తించాడు. ఇలాంటి చెవుడుకు తర్వాత శస్త్రచికిత్స దొరికింది.

దారి బాగానే ఉన్నా వినపడని వారి సంగతి వేరు. వెనిస్‌లో రాగి కొట్టేవాళ్లు చెవిటివారవుతున్నారని వైద్యుడు రామజ్జీని 1713లోనే రాశాడు. 1886లో గ్లాస్గోలో థామస్ బార్ వంద మంది బాయిలర్ కార్మికులను పరీక్షిస్తే ఒక్కరికీ సరైన వినికిడి లేదు. 1940లలో వచ్చిన క్షయ మందు స్ట్రెప్టోమైసిన్ కూడా కొందరి వినికిడిని దెబ్బతీసింది. చప్పుడు, మందు, ముసలితనం: కారణాలు వేరైనా దెబ్బ ఎక్కువగా పడేది లోపలి చెవిలోని కర్ణావర్తంలో శబ్దాన్ని పసిగట్టి నాడికి అందించే రోమకణాల మీదే. వాటి నెలవును అల్ఫోన్సో కోర్టి 1851లో సూక్ష్మదర్శినిలో చూశాడు.

నత్తగుల్లలా చుట్టుకున్న ఆ కర్ణావర్తం మొదట్లో కీచు స్వరాలకు, చివర్లో మంద్రానికి స్పందిస్తుందని హంగరీ శాస్త్రవేత్త బెకెషీ చూపాడు. 1961లో ఆయనకు నోబెల్ వచ్చింది. అయితే ఆయన ప్రధానంగా చూసిన చెవులు శవాలవి. బతికి ఉన్న చెవి చురుకుదనాన్ని అవి చెప్పలేవు. చెవి తానే శబ్దాన్ని పెంచుకుంటుందని థామస్ గోల్డ్ 1948లో అన్నప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1978లో డేవిడ్ కెంప్ చెవిలోంచి బయటికి వచ్చే సన్నని శబ్దాన్ని మైక్‌తో పట్టాడు. సుమారు పన్నెండు వేల బయటి రోమకణాలు సాగుతూ, కుంచించుకుంటూ అలలను పెంచుతాయని తర్వాత తేలింది. పుట్టిన పసికందుల వినికిడిని నేడు పరీక్షించే ఒక పద్ధతి ఆ శబ్దాన్ని వెతకడమే.

పక్షుల్లో చనిపోయిన రోమకణాలు మళ్లీ పుడతాయని 1988లో తెలిసింది. మన కర్ణావర్తంలో అలా పుట్టవు. అందుకే కాక్లియర్ ఇంప్లాంట్ అనే పరికరం వాటిని దాటవేసి, విద్యుత్తుతో నేరుగా నాడిని తాకుతుంది.

2009లో హార్వర్డ్ పరిశోధకులు కుజావా, లీబర్మన్ ఎలుకల్లో ఇంకో మెట్టు దిగారు. పెద్ద చప్పుడు తర్వాత వినికిడి పరీక్షల ఫలితాలు మామూలు స్థాయికి వచ్చినా, రోమకణానికీ నాడికీ మధ్య ఉన్న సంధులు సగం దాకా పోయి ఉన్నాయి. మనుషుల్లో ఇది ఎంతవరకు జరుగుతుందో ఇంకా తేలుతోంది. కానీ వినికిడి పరీక్ష పటం (ఆడియోగ్రామ్) బాగుందన్న ఒక్క కారణంతో, పెళ్లిపందిట్లో పక్కవాడి మాట అర్థం కావడం లేదని చెప్పే మనిషిని వైద్యుడు ఇక తేలిగ్గా పంపించెయ్యలేడు.