పద్యమునకు నాగయ్యగారు చేసిన మేలు

సినిమా పేరెత్తనీయని ఇంట పుట్టియు, పద్యముపై మక్కువచేతనే నేను సినిమాను మెచ్చవలసివచ్చినది.

పూర్వము నాటకశాలలలో పద్యమునకు పట్టిన గతి పెద్దలవలన వింటిమి. హార్మోనియము తోడుగా నటుడొక్క పాదమునే సాగదీయును. జనులు ‘వన్సుమోర్’ అని కేకలు వేయుదురు. చచ్చిపడిన పాత్రయు లేచి మరల పాడెడిదట! రాగము మిగిలెడిది, అర్థము పోయెడిది.

1943లో వాహినీవారి ‘భక్త పోతన’ వెలువడినది. కె. వి. రెడ్డిగారికి దర్శకులుగా అది తొలి చిత్రము. పోతనగా నటించిన చిత్తూరు నాగయ్యగారు సంగీతజ్ఞులయ్యును ఆలాపనను అదుపులో నుంచి, చెంతనున్న వానితో మాటాడినట్లు, పదచ్ఛేదము చెడకుండ పద్యమును పలికిరి. మెల్లని గొంతును సైతము అందుకొను మైకు వారికి కలిసివచ్చినది. నాటకరంగముపై అట్లు పలికిన వెనుకవరుస వారికి వినబడునా?

1946లో తామే దర్శకులై ‘త్యాగయ్య’ తీసిరి. 1947లో ‘యోగి వేమన’ వచ్చినది. భాగవతపద్యమునకు, కీర్తనకు, ఆటవెలదికి ఒకే కంఠము! మూడింటిలో ‘వేమన’యే మిన్నయని నా తలంపు; ‘త్యాగయ్య’లో పాటలు కథను కొంత వెనుకకు నెట్టినవి.

‘పోతన’ మా ఊరి టూరింగు టాకీసులో మరల ఆడినపుడు, బంధువుల బలవంతముమీద మా తండ్రిగారు వెళ్లిరి. తిరిగివచ్చి ఎవరితోను మాటాడలేదు. ఆ రాత్రియే దీపము దగ్గరకు జరుపుకొని భాగవతమును మొదటినుండి విప్పిరి.