ఎద్దుల బిడారు నుంచి బొగ్గు పొగ దాకా: మన తాండాలు, పెంటలు చూసిన వాతావరణ మార్పు

వాతావరణ మార్పు అనగానే పాఠ్యపుస్తకంలోని మంచుకొండలు, ధ్రువపు ఎలుగుబంట్లు గుర్తుకొస్తాయి. ఈ కథ దేవరకొండ గుట్టల్లో, పాలమూరు చెలకల్లో, నల్లమల పెంటల్లో కూడా నడిచింది. బొగ్గు మన జీవితాల్లోకి రెండుసార్లు వచ్చింది. మొదటిసారి మన వృత్తిని తీసుకుపోయింది. రెండోసారి మన నేలను అడిగింది. ఈ స్మారక సంచికలో ఆ చరిత్రను మన యువతకు చెప్పాలనుకున్నాం.

బొగ్గు రాకముందు

మన గోర్ బంజారాలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి అమ్మేవారు. ఆ బతుకునే లదేణి అన్నారు. ఒక్కో బిడారులో వేల ఎద్దులు ఉండేవి. పదిహేడో శతాబ్దంలో దక్కనుకు దండెత్తి వచ్చిన మొఘల్ సైన్యాలకు తిండిగింజలు మోసిందీ బంజారాలే. దారి పొడవునా ఎద్దులకు గడ్డి, నీళ్ళు దొరికితే చాలు, సరుకు చేరేది. అటు నల్లమలలో చెంచులు తేనె, గడ్డలు, ఇప్పపువ్వు, జిగురు సేకరించి బతికారు. అడవి నిలిచి ఉంటేనే వాళ్ళకు తిండి. ఇరువురి బతుకులోనూ పొగ అంటే పొయ్యి పొగే.

రైలు తెచ్చిన మార్పు

1769లో ఇంగ్లండులో జేమ్స్ వాట్ మెరుగైన ఆవిరి యంత్రానికి పేటెంటు పొందాడు. ఆ యంత్రం ఆకలి బొగ్గు. 1853లో బొంబాయి నుంచి ఠాణాకు రైలు నడిచింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైలు మార్గం వచ్చింది. 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. అదే నేటి సింగరేణికి పునాది.

బిడారు నెలల తరబడి మోసే సరుకును రైలు రోజుల్లో చేర్చింది. ఉప్పు మీద బ్రిటిష్ ప్రభుత్వ గుత్తాధిపత్యం మరో దెబ్బ. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం తిరుగుతూ బతికే జనాలందరినీ అనుమానంతో చూసింది. లదేణి ఆగిపోయింది. మనవాళ్ళు పశువుల పెంపకం, కట్టెలు కొట్టడం, కూలి, సేద్యం వైపు మళ్ళి ఒకచోట స్థిరపడ్డారు. నీటి వసతి ఉన్న మంచి భూములు అప్పటికే ఇతరుల చేతుల్లో ఉన్నాయి. అందుకే మన తాండాలు చాలావరకు గుట్టల అంచున, రాళ్ళ చెలకల్లో కనిపిస్తాయి. ఇదే తర్వాతి కాలంలో వానమీద మన ఆధారాన్ని పెంచింది.

గాలిలో ఏం జరిగింది

బొగ్గు, పెట్రోలు, డీజిలు కాలినప్పుడు కార్బన్ డయాక్సైడ్ గాలిలో చేరుతుంది. భూమి నుంచి పైకి పోయే వేడిని అది కొంత పట్టి ఉంచుతుంది, గొంగడి కప్పినట్టు. ఈ గొంగడి మందమైతే భూమి వేడెక్కుతుందని స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్ 1896లోనే లెక్కగట్టాడు. యంత్రయుగానికి ముందు గాలిలో పదిలక్షల పాళ్ళకు దాదాపు 280 పాళ్ళున్న ఈ వాయువు ఇప్పుడు 420 దాటింది. భూమి సగటు ఉష్ణోగ్రత 1 డిగ్రీకి పైగా పెరిగింది.

ఈ పొగలో అందరి వాటా ఒకటి కాదు. అమెరికాలో సగటు మనిషి ఏడాదికి దాదాపు 14 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు కారణమైతే, భారతదేశంలో సగటు 2 టన్నుల దగ్గర ఉంది. కారు, ఏసీ లేని తాండా కుటుంబం వాటా ఇంకా తక్కువ.

మన నేల మీద దాని దెబ్బ

వేడి గాలి ఎక్కువ తేమను మోస్తుంది. డిగ్రీకి దాదాపు 7 శాతం అదనం. అందుకే వాన పడితే కుండపోత, లేకపోతే వారాల తరబడి ఎండు. 2009 అక్టోబరులో కృష్ణా, తుంగభద్ర పొంగి కర్నూలును, పాలమూరులోని అలంపూర్ ప్రాంతాన్ని ముంచాయి. 2015 మేలో వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో 2,000 మందికి పైగా చనిపోయారు. చనిపోయినవారిలో ఎక్కువమంది ఎండలో పనిచేసే కూలీలు, వృద్ధులు. ఉపాధి హామీ పనుల్లో, ఇటుక బట్టీల్లో, ముంబై, పుణె కట్టడాల దగ్గర మనవాళ్ళే ఎక్కువ కాబట్టి ఈ వేడి మన ఒంటి మీదే పడుతుంది.

నిజం ఒకటి ఒప్పుకోవాలి. పాలమూరు కరువు, వలస ఈనాటివి కావు. చెరువుల నిర్లక్ష్యం, భూమి లేకపోవడం, అప్పులు వాటికి పాత కారణాలు. మారుతున్న వాతావరణం ఆ పాత పుండు మీద కారం చల్లుతోంది. మృగశిర కార్తెకు వేసిన విత్తనం మొలకెత్తి ఎండిపోతే మళ్ళీ అప్పు చేసి విత్తాలి. వాన నమ్మకం పోయినకొద్దీ బోర్లు లోతుకు పోయాయి. నల్గొండలో ఆ లోతు నీళ్ళే ఎముకలు వంచే ఫ్లోరైడ్‌ను పైకి తెచ్చాయి. బోరుకు కరెంటు కావాలి. ఆ కరెంటులో పెద్ద భాగం మళ్ళీ బొగ్గు నుంచే వస్తుంది.

బొగ్గు రెండోసారి వచ్చింది

2015 జూన్ 8న నల్గొండ జిల్లా దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర యాదాద్రి థర్మల్ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. ఐదు యూనిట్లు, మొత్తం 4,000 మెగావాట్లు. అదే ఏడాది డిసెంబరులో పారిస్‌లో ప్రపంచ దేశాలు కార్బన్ తగ్గిస్తామని ఒప్పందం చేసుకున్నాయి. ఈ కేంద్రం కోసం 4,600 ఎకరాలకు పైగా అటవీభూమి మళ్ళించారు. మోదుగులకుంట తాండా, కపూర్ తాండా వంటి మన తాండాలు కదలాల్సి వచ్చింది. 2022లో జాతీయ హరిత ట్రిబ్యునల్ పర్యావరణ అనుమతిని తాత్కాలికంగా నిలిపి, ప్రభావాలను మళ్ళీ పరిశీలించమంది. 2024 డిసెంబరు 7న 800 మెగావాట్ల యూనిట్ ఒకటి ప్రారంభమైంది.

లెక్క మీరే వేయండి. 4,000 మెగావాట్లు పూర్తిగా నడిస్తే గంటకు 40 లక్షల యూనిట్లు. బొగ్గు కరెంటు ఒక్కో యూనిట్‌కు దాదాపు 0.9 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే గంటకు సుమారు 3,600 టన్నులు. మన బోర్లు, బల్బులు కూడా ఇలాంటి కరెంటుతోనే నడుస్తాయి. కరెంటు అందరికీ వెళ్తుంది, బూడిద మాత్రం పక్క ఊళ్ళకు మిగులుతుంది. మన ప్రశ్న అక్కడే.

బొగ్గు వద్దంటే మిగతావన్నీ మనకు మేలు చేస్తాయనీ కాదు. కార్బన్ రాని అణువిద్యుత్తు పేరుతో నల్గొండలోని లంబాపూర్, పెద్దగట్టు దగ్గర యురేనియం తవ్వాలనుకున్నారు. 2003 ప్రజాభిప్రాయ సేకరణలో జనం గట్టిగా వ్యతిరేకించారు. తర్వాత నల్లమల వంతు వచ్చింది. చెంచు పెంటల నుంచి పట్నం దాకా నిరసన లేచాక, 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ అక్కడ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానించింది. అడిగితే వింటారని అది చూపింది.

ఇక మన వంతు

2025 మేలో అమ్రాబాద్ మండలం మాచారంలో ఇందిర సౌర గిరి జల వికాసం మొదలైంది. అటవీ హక్కు పట్టాలున్న గిరిజన రైతుల పొలాలకు సౌర పంపులు ఇవ్వాలన్నది దాని ఉద్దేశం. ఎండ మనకు కొరత లేని ఆస్తి. అయితే సూర్యుడి కరెంటు ఉచితమని బోరు ఆపకుండా తోడితే భూగర్భజలం అడుగంటుతుంది. పంపుతో పాటు కందకాలు, కుంటల పూడికతీత, జొన్న, సజ్జ, కొర్ర లాంటి తక్కువ నీటి పంటలు కూడా కావాలి.

2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు అడవిని కాపాడుకునే అధికారం ఇచ్చింది. 2018 నుంచి మన తాండాలు ఎన్నో సొంత గ్రామపంచాయతీలయ్యాయి. రేపు మన నేల మీదికి ఏ ప్లాంటు వచ్చినా, ఏ గని వచ్చినా, సౌర ఫలకాల మైదానమే వచ్చినా ముందు కాగితం చదివేది, సభలో లేచి అడిగేది మీరే. ఎన్ని ఎకరాలు, ఎంత నీరు, బూడిద ఎక్కడ పోస్తారు, కొలువులు ఎవరికి అని అడగండి.

ఇంకో పని కూడా చేయండి. తీజ్ గోధుమ మొలకలు ఏ ఏడు వానలో తడిశాయో, ఏ ఏడు ఎండలో వాడాయో మన యాడీలకు గుర్తుంది. ఏ కుంట ఎప్పుడు నిండిందో, ఇప్ప ఎప్పుడు పూసిందో చెంచు పెద్దలకు తెలుసు. వాళ్ళ దగ్గర కూర్చుని ఆ సంవత్సరాలు రాసి పెట్టండి. లదేణి కాలపు లెక్కలు మనం రాసుకోలేదు, ఇతరులు రాసిందే మన చరిత్ర అయింది. వాన లెక్క అయినా మన చేతిరాతలో ఉండాలి.