టీవీకి తగిలించిన వైరు

హిందూపురంలో పుట్టి ధర్మవరం కోడలినయ్యాను. 1987లో రామాయణం సీరియల్ వచ్చే ఆదివారాల్లో, పెనుకొండలో మా అమ్మమ్మ వాళ్ళ వీధి అంతా ఒకే ఇంటి టీవీ ముందు కూర్చునేది. అందులో వచ్చింది చూడటమే గానీ మనది చూపించుకునే వీలు లేదు. అదే ఏడాది ఐబీఎం కంపెనీ తన కంప్యూటర్లలో వీజీఏ తెచ్చింది. ఆ పిన్నుల వైరులో బొమ్మ వెళ్తుంది, శబ్దం వెళ్ళదు. రెండూ ఒకే వైరులో పంపే హెచ్‌డీఎంఐ 2002లో వచ్చింది.

మా మామగారు యాభై ఏళ్ళు పట్టుచీరలు నేశారు. చూపు తగ్గి మగ్గం దిగాక, "నాకింకేం కనపడతాది?" అంటూ మూలన కూర్చున్నారు. మావారు చీరల డిజైన్లు ల్యాప్‌టాప్‌లో వేస్తారు. మొన్న దాన్ని హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి తగిలించి, రిమోట్‌లో సోర్స్ మార్చాను. చీర అంచు టీవీ నిండా పరుచుకుంది.

మామగారు లేచి దగ్గరికొచ్చారు. వేలు పెట్టి, "ఈడ, నెమలి మెడ కాడ పోగు తప్పింది సూడమ్మా" అన్నారు. నిజమే! అట్టలకెక్కి ఉంటే చీర పొడుగునా అదే తప్పు పడేది.

1804లో ఫ్రాన్సులో జకార్డ్ చేసిన మగ్గానిదీ ఇదే లెక్క: అట్టలో చిల్లుంటే పోగు లేస్తుంది, లేకుంటే లేవదు. కంప్యూటర్ నడిచేదీ ఇలాంటి అవును, కాదులతోనే. మామగారికి ఆ భాష ఎప్పుడో వచ్చు. కాస్త పెద్దగా కనిపిస్తే చాలు.

ఇప్పుడు మా ఇంట్లో ఏ డిజైనైనా ముందు టీవీకి, మామగారు సరేనన్నాకే అట్టలకు.