కార్లను మోసే రైలు పెట్టెలు

పత్తి తూకానికి తేలిక. చోటు మాత్రం ఎక్కువ ఆక్రమిస్తుంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలలలో పెరిగిన విద్యార్థులకు ఈ సంగతి ఎవరూ బోధించనక్కరలేదు. విడి దూదిని బండి నిండా కూరినా బరువు స్వల్పమే. అందువల్లనే జిన్నింగ్ మిల్లులో గింజ వేరు చేసిన పిమ్మట దూదిని ప్రెస్సులో అదిమి, సుమారు 170 కిలోల బేళ్లుగా కడతారు. ఎండుమిరపను కూడ టిక్కీలలో అదిమి నింపుతారు. మనం కిరాయి చెల్లించవలసినది సరుకుకు గాని, దాని నడుమనున్న గాలికి కాదు గదా!

మోటారు కారు కూడ ఈ విషయంలో పత్తికి చుట్టమే. దాని లోపల ఉన్నది చాలవరకు గాలి. అయితే దూదివలె దానిని అదమడానికి వీలులేదు. సరుకును కుదించలేనప్పుడు దానిని మోసే పెట్టెనే మార్చాలి. కార్లను మోసే రైలు పెట్టెల చరిత్ర అంతా ఈ ఒక్క సమస్య చుట్టూ తిరిగినది.

మొదట అమెరికాలో కార్లను మామూలు మూత పెట్టెలలోనే పంపేవారు. నేలమీద వరుసగా నిలిపితే కార్లపైన చోటంతా వృథా. 1930 ప్రాంతాల ఇవాన్స్ అనే కంపెనీ, కొన్ని కార్లను ఏటవాలుగా పైకెత్తి పట్టి ఉంచే ఇనుప చట్రాన్ని తయారుచేసినది. దీనితో ఒక పెట్టెలో నాలుగు కార్లు పట్టినవి. 1955లో లయొనెల్ అనే బొమ్మ రైళ్ల కంపెనీ ఇవాన్స్ పేరుతోనే నాలుగు చిన్న కార్లను మోసే రెండంతస్తుల బొమ్మ బండిని అమ్మకానికి పెట్టినది. నిజం రైళ్లలో వచ్చే ప్రతి మార్పూ ఇలా పిల్లల ఆట రైళ్లలోకి కూడ దిగుతూ వచ్చినది.

ఆ కాలానికే లారీలు రైల్వేల చేతినుండి ఈ వ్యాపారాన్ని చాలవరకు లాగుకొన్నవి. 1960 ప్రాంతాల పొడవైన చదును బండ్లమీద మూడంతస్తుల చట్రాలు నిలిపిన తరువాతనే అది తిరిగి రైళ్లకు వచ్చినది. వంతెనలు, సొరంగాలు ఇరుకైన బ్రిటన్‌లో అంత ఎత్తుకు వీలులేదు. అక్కడ 1964 నుండి నాలుగు బండ్లను ఐదు బోగీలపై గొలుసుకట్టుగా కలిపి, చిన్న చక్రాలు వేసి, నేలను కిందికి దించి రెండంతస్తులు అమర్చారు.

అన్నిటికన్న విచిత్రమైనది 1970 ప్రాంతాల అమెరికాలో జరిగినది. షెవ్రొలె వేగా అనే చిన్న కారును ముక్కు కిందికి, తోక పైకి ఉండేటట్లు నిట్టనిలువుగా వ్రేలాడదీసి పంపారు. మూడంతస్తుల బండిలో 18 పట్టే చోట 30 పట్టినవి! అలా నిలబెట్టినా నూనె, బ్యాటరీ ద్రవం ఒలకకుండ కారునే ప్రత్యేకంగా రూపొందించారు. ఇక్కడ పెట్టెతో పాటు సరుకు కూడ మారినది. ఇది మన పత్తి ప్రెస్సు యుక్తికి దగ్గర బంధువు. అయితే 1977లో వేగా తయారీ ఆగడంతో, దానికోసమే చేసిన ఆ బండ్లు కూడ నిరుపయోగమైనవి.

ఇక మన దేశం సంగతి. 1983 చివర మారుతి కార్లు వచ్చిన తరువాత రైల్వేలకు ఈ ప్రశ్న ఎదురైనది. వారు కనుగొన్న ఉపాయం పొదుపైనది. వయసు మళ్లిన ప్రయాణికుల పెట్టెల నుండి బల్లలు తీసివేసి, కిటికీలు మూసి, రెండు కొనలలో తలుపులు పెట్టారు. వీటినే ఎన్.ఎం.జి. పెట్టెలు అంటారు. కొన తలుపులు తెరచి, పెట్టెకూ పెట్టెకూ మధ్య పలకలు పరిస్తే, కారును ఒక చివర ఎక్కించి బండి పొడవునా నడిపించుకొని పోవచ్చును. పూర్వం అమెరికాలో సర్కస్ కంపెనీలు తమ బండ్లను రైలుకు ఎక్కించిన పద్ధతి ఇదే.

ఇట్టి 25 పెట్టెల రేకులో 125 కార్లు పట్టేవి. అనగా పెట్టెకు ఐదు. మారుతి 800 కారు బరువు సుమారు 650 కిలోలు. ఐదు కార్లు కలిసి మూడుంపావు టన్నులు. వాటిని మోసే పెట్టె బరువు అంతకు ఎన్నో రెట్లు! ఇంజను శక్తిలో అధికభాగం ఖాళీ ఇనుమును లాగడానికే ఖర్చయ్యేది. 2013లో మారుతి కంపెనీ సొంత రేకులు నడపడానికి అనుమతి పొందినది. తరువాత వచ్చిన రెండంతస్తుల రేకులు 265 కార్లను, ఆపై బి.సి.ఎ.సి.బి.ఎం. అనే తరహా 27 బండ్ల రేకు 318 చిన్న కార్లను మోయగలిగినవి.

అంతలో కార్లే ఎత్తు పెరిగినవి. మన పెద్దలైనులో పట్టాల నుండి పెట్టె కప్పు వరకు సుమారు 4.3 మీటర్లు. మామూలు పెట్టె నేల 1.3 మీటర్ల ఎత్తున ఉంటుంది. మిగిలినది 3 మీటర్లు. 1.4 మీటర్ల కార్లు రెండు ఒకదానిపై ఒకటి ఇరుకుగా పట్టవచ్చును, 1.6 మీటర్లు దాటినవి పట్టవు. మన రాష్ట్రంలో పెనుకొండ వద్ద 2019లో ఉత్పత్తి ప్రారంభించిన కియా కర్మాగారం నుండి వచ్చే సెల్టాస్ ఇట్టి ఎత్తు కారే. పెనుకొండ స్టేషనులో కార్లు రైలెక్కుతున్నవి గనుక ఈ లెక్క మనకు దూరపు సంగతి కాదు. ఇటీవల వచ్చిన ఎ.సి.టి.-1 తరహా బండ్లు రెండు అంతస్తులలోను ఎత్తు కార్లకు చోటిచ్చేటట్లు రూపొందినవి.

ఈ లెక్కలను తరగతిలో అట్టతో చేసి చూడవచ్చును. నమూనా రైళ్లకు 87వ వంతు కొలత ప్రసిద్ధం. 21.3 మీటర్ల పెట్టె 24.5 సెంటీమీటర్లవుతుంది, మారుతి 800 సుమారు 3.8, సెల్టాస్ దాదాపు 5 సెంటీమీటర్లు. చిన్న కార్లు ఐదు హాయిగా అమరుతవి. ఆరవది దూరినా, చక్రాలు కట్టివేయడానికి సందు మిగలదు. సెల్టాస్‌లయితే నాలుగే. ప్రక్కప్రక్కన రెండు పెట్టరాదా అని విద్యార్థులు అడుగుతారు. అప్పుడు డ్రైవరు తలుపు తెరచి ఎలా దిగుతాడో వారినే చెప్పమనండి.

మరొక ప్రశ్న కూడ వారి ముందుంచాలి. 2020 జూలైలో గుంటూరు సమీపాన రెడ్డిపాలెం నుండి బంగ్లాదేశ్‌లోని బెనాపోల్‌కు 16 పార్సిల్ పెట్టెలలో ఎండుమిరప వెళ్లినది. పెట్టెకు 466 బస్తాలు. మామూలు మూత పెట్టె నేడు మిరపను, రేపు మరొక సరుకును మోస్తుంది. కార్లకోసమే అంతస్తులు కట్టిన బండి పోయేటప్పుడు నిండుగా పోయినా, తిరిగి వచ్చేటప్పుడు సాధారణంగా ఖాళీయే. పోకలో మిగిలిన చోటు విలువ ఎంత? రాకలో వృథా అయిన చోటు విలువ ఎంత? ఈ రెండిటినీ తూచి చూచినప్పుడే ఏ పెట్టె మేలైనదో తేలుతుంది.