‘మరో చరిత్ర’ ముగింపు: ప్రేక్షకుల స్పందన

కె. బాలచందర్ దర్శకత్వం వహించిన తెలుగు చిత్రం ‘మరో చరిత్ర’ (1978) చివరి ఘట్టం, దాని హిందీ రూపం ‘ఏక్ దూజే కే లియే’ (1981) చివరి ఘట్టం ప్రేక్షకుల్లో రేపిన దుఃఖం, ఆగ్రహం, వాదోపవాదాలు ఈ వ్యాస విషయం. నాయికా నాయకులు చనిపోయే సినిమాలు అంతకుముందు రాకపోలేదు. అయితే ముగింపు మార్చమని నిర్మాతను అడగడం, ఆయన మార్చడం, మార్చినదాన్ని ప్రేక్షకులు ఒప్పుకోకపోవడం, పాతదే మళ్లీ తెరకెక్కడం భారతీయ సినిమాలో అరుదుగా జరిగిన సంగతి.

కథ, చివరి ఘట్టం

బాలు (కమల్‌హాసన్) తమిళ యువకుడు, స్వప్న (సరిత) తెలుగమ్మాయి. విశాఖపట్నంలో ఇరుగుపొరుగు ఇళ్లు. వాళ్ల మధ్య ప్రేమ చిగురించడానికి భాష అడ్డు కాలేదు కానీ రెండు కుటుంబాల మధ్య గొడవకు అదే కారణమైంది. చివరికి పెద్దలు ఒక షరతు పెడతారు: ఏడాదిపాటు ఇద్దరూ కలుసుకోకూడదు, ఉత్తరాలు రాసుకోకూడదు. ఆ తర్వాత కూడా ప్రేమ నిలిస్తే పెళ్లి. బాలు హైదరాబాదు వెళ్తాడు. అక్కడ సంధ్య (మాధవి) అనే యువ వితంతువు పరిచయమవుతుంది. ఒక అపార్థం వల్ల బాలు ఆమెను పెళ్లాడటానికి సిద్ధపడతాడు. అసలు సంగతి తెలిసిన సంధ్య తనంతట తానే తప్పుకుంటుంది.

అంటే ఏడాది గడిచింది, షరతు నెగ్గింది, మూడో మనిషీ దారి ఇచ్చేసింది. సరిగ్గా అప్పుడే కథ విరుచుకుపడుతుంది. చెల్లెలిని బాలు మోసం చేశాడనుకున్న సంధ్య అన్న అతని మీదికి రౌడీలను పంపుతాడు. స్వప్న మీద ఓ కాముకుడు అత్యాచారం చేస్తాడు. కొన ఊపిరితో ఒకరినొకరు చేరుకున్న ఆ ఇద్దరూ సముద్రపు ఒడ్డున కలిసి ప్రాణాలు వదులుతారు.

ప్రేక్షకుణ్ణి కుంగదీసింది చావు ఒక్కటే కాదు, ఆ చావు వచ్చిన సమయం. కుటుంబాలు ఒప్పుకోక ప్రేమికులు చనిపోతే కోపం తెచ్చుకోవడానికి ఎదురుగా ఎవరో ఒకరు ఉంటారు. ఇక్కడ పెద్దలు పెట్టిన పరీక్ష ముగిసిపోయింది. దెబ్బ కొట్టినవాళ్లలో ఒకడికి అసలు నిజమే తెలియదు, రెండోవాడికి ఈ ప్రేమకథతో సంబంధమే లేదు. అందుకే హాలు బయటికి వచ్చిన ప్రేక్షకుల కోపం నేరుగా దర్శకుడి మీదికే మళ్లింది: వాళ్లను చంపాల్సిన అవసరం ఏమొచ్చింది? విమర్శగా చూస్తే ఈ ప్రశ్నలో న్యాయం ఉంది. ఇంత యాదృచ్ఛికంగా రెండు దాడులు ఒకేసారి జరగడం కథ సహజంగా చేరిన చోటు అనిపించదు. దర్శకుడు ముందే నిర్ణయించుకున్న గమ్యంలా కనిపిస్తుంది. అయినా ఆ లోపం కన్నీళ్లను ఆపలేకపోయింది.

అందుకు కారణాలు చాలావరకు ముగింపుకు ముందే ఉన్నాయి. బి.ఎస్. లోకనాథ్ నలుపు తెలుపుల్లో తీసిన విశాఖ, భీమిలి తీరాలు, ఎం.ఎస్. విశ్వనాథన్ బాణీలు, ఆత్రేయ పాటలు ఒక ఎత్తు. అదే తొలి సినిమా అయిన సరిత మరో ఎత్తు. అప్పటికి ఆమె స్కూలు వయసు పిల్ల. తారల మెరుగేమీ లేని, పక్కింటి అమ్మాయిలా ఉండే ఆ ముఖం వల్ల ప్రేక్షకుడికి నాయికను తన ఇంటి మనిషిగా అనుకోవడం తేలికైంది. కాల్చేసిన ప్రియుడి ఫొటో బూడిదను కలుపుకుని తాగేసిన పిల్ల చివరికి అలా అయిపోవడం చూసినవాళ్లకు మింగుడుపడలేదు.

మళ్లీ మళ్లీ చూసిన ప్రేక్షకులు

కోపగించుకున్నవాళ్లే మళ్లీ టికెట్ కొన్నారు. తెలుగునాట విజయం సంగతి అలా ఉంచితే, తమిళంలోకి డబ్బింగ్ కాకుండానే ఈ చిత్రం మద్రాసు సఫైర్ థియేటర్లో ఏడాదిన్నరకు పైగా ఆడింది. బెంగళూరులోనూ దీర్ఘకాలం నడిచింది. సినిమాలో తమిళ సంభాషణలూ ఉండటం కొంత సాయపడింది. ఒకరి భాష ఒకరు కూడబలుక్కునే జంట కథను సగం అర్థమైన భాషలో చూడటం ఆ ప్రేక్షకులకు అడ్డంకి కాకపోగా, బాలు అవస్థ వాళ్లకు మరింత దగ్గరగా తెలిసివచ్చి ఉండాలి.

విషాదాన్ని కోరి చూడటం తెలుగువారికి అప్పుడే అలవాటైంది కాదు. శుభాంతమే రూపకానికి తగినదన్న సంస్కృత నాటక సంప్రదాయాన్ని పక్కనబెట్టి, 19వ శతాబ్ది చివరలో బళ్లారికి చెందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు ‘విషాద సారంగధర’ రాశారు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా దానికి పేరు. తెరమీద విషాదాంతానికి బాగా పేరుపడింది 1953 నాటి ‘దేవదాసు’. వేదాంతం రాఘవయ్య తీసిన ఆ చిత్రంలో అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి జంటను చూసి ఏడ్చిన తరం, ముగింపు ముందే తెలిసి కూడా రీరిలీజులకు వెళ్లింది. 1974లో కృష్ణ, విజయనిర్మలల ‘దేవదాసు’ వచ్చినప్పుడు పాత చిత్రాన్నీ మళ్లీ విడుదల చేశారు, పాతదే నెగ్గింది. ‘దేవదాసు’కూ ‘మరో చరిత్ర’కూ ఒక తేడా ఉంది. దేవదాసు పతనం మొదటినుంచీ కళ్లముందే జరుగుతుంది, ప్రేక్షకుడు సిద్ధపడి ఉంటాడు. ‘మరో చరిత్ర’ ఆ వ్యవధి ఇవ్వదు.

హిందీలో మారిన ముగింపు

ఏలూరు ప్రాంతం నుంచి వెళ్లి దక్షిణాదిలోనూ బొంబాయిలోనూ పేరు గడించిన ఎల్.వి. ప్రసాద్ దీన్ని హిందీలో నిర్మించారు. దర్శకుడు బాలచందరే. కమల్‌హాసన్, మాధవి మళ్లీ ఉన్నారు. నాయిక రతీ అగ్నిహోత్రి, కథ జరిగేది గోవాలో. హిందీ తెరకు కొత్తవాడైన కథానాయకుడు, పైగా విషాదాంతం కావడంతో పంపిణీదారులు కొనడానికి వెనకాడారు. 1981 జూన్‌లో విడుదలయ్యాక మాత్రం ఆ ఏటి ఘన విజయాల్లో ఒకటైంది. ఇందులో పాటకు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం జాతీయ పురస్కారం అందుకున్నారు.

గొడవ ఆ విజయంతోపాటే వచ్చింది. సినిమా చూసి కొన్ని ప్రేమ జంటలు ప్రాణాలు తీసుకున్నాయన్న వార్తలు రావడంతో, ముగింపు మార్చాలని నిర్మాతల మీద ఒత్తిడి పెరిగింది. ప్రేమికులు బతికే ముగింపును జతచేశారు. ప్రేక్షకులు దాన్ని ఆదరించలేదు, మొదటి ముగింపునే తిరిగి పెట్టారు. ఆ పాత్రలు బతకాలని అంతగా కోరుకున్నవాళ్లే, బతికించి చూపిస్తే నమ్మలేదు.

ఇది వింతగా తోచవచ్చు కానీ సినిమా నిర్మాణంలోనే జవాబుంది. ఏడాది ఎడబాటు, సంధ్య త్యాగం, అపార్థం అన్నీ ప్రేక్షకుడిలో ఒక భయాన్ని పోగుచేస్తూ వస్తాయి. ఆ భయం నిజమైనప్పుడే అంతసేపు పడ్డ బాధకు విలువ దక్కినట్టు ఉంటుంది. చివర్లో ఆసుపత్రి మంచం మీద కళ్లు తెరిపిస్తే ప్రేక్షకుడికి తనను ఆటపట్టించినట్టే అనిపిస్తుంది. రాజ్‌కపూర్ ‘బాబీ’ (1973)లోనూ ప్రేమికులు నీళ్లలోకి దూకుతారు, తండ్రులు వాళ్లను కాపాడతారు, జనం హాయిగా చప్పట్లు కొట్టారు. ఆ సినిమా మొదటినుంచీ అలాంటి మాటే ఇచ్చింది మరి.

అనుకరణ చర్చ

కల్పిత కథ చావును అంటిస్తుందా అన్న ప్రశ్న సినిమా కంటే పాతది. 1774లో గోథే రాసిన ‘వెర్థర్’ నవల చదివి యువకులు ప్రాణాలు తీసుకుంటున్నారన్న ఆందోళనతో లైప్‌జిగ్‌లో దాన్ని నిషేధించారు. సరిగ్గా 200 ఏళ్లకు, 1974లో, అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త డేవిడ్ ఫిలిప్స్ పత్రికల్లో వచ్చే ఆత్మహత్యల వార్తల ప్రభావాన్ని పరిశీలించి దానికి ‘వెర్థర్ ప్రభావం’ అని పేరు పెట్టారు. తెరమీద ఇలాంటి ఘట్టాలను ఎలా చూపాలో సూచిస్తూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సినిమావాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక కరదీపిక వెలువరించింది. చావును పరిష్కారంగానో, ప్రేమకు పరాకాష్ఠగానో చూపవద్దన్నది అందులోని ముఖ్యమైన హెచ్చరికల్లో ఒకటి.

ఆ కొలతతో చూస్తే ‘మరో చరిత్ర’ చివరి దృశ్యం మీద అభ్యంతరం నిలుస్తుంది. ఒక జీవితం పోవడానికి ఒక సినిమానే కారణమని తేల్చడం సాధ్యం కాదు. ఇంట్లో ఒత్తిడి, ఒంటరితనం, ఎవరికీ చెప్పుకోలేని స్థితి అన్నీ కలిసి పనిచేస్తాయి. అయినా అప్పటికే ఆ స్థితిలో ఉన్నవాళ్లకు, చావును ప్రేమ గెలుపులా చూపే దృశ్యం తప్పుడు భరోసా ఇవ్వగలదు. ముగింపు కళాత్మకంగా నమ్మదగినదా అన్నది ఒక ప్రశ్న, క్షేమకరమా అన్నది వేరే ప్రశ్న. 1981 నాటి వాదనల్లో ఈ రెండూ కలగాపులగం అయిపోయాయి.

తర్వాతి చిత్రాలు

అదే 1981లో భారతీరాజా ‘సీతాకోకచిలుక’ వేర్వేరు మతాల ప్రేమికులను బతికించి, కలిపి పంపింది. 1988లో ‘కయామత్ సే కయామత్ తక్’కు సుఖాంతం, విషాదాంతం రెండూ చిత్రీకరించారు. దర్శకుడు మన్సూర్ ఖాన్ పట్టుబట్టిన విషాదాంతమే విడుదలైంది, సినిమా ఘన విజయం సాధించింది. మరుసటి ఏడాది ‘గీతాంజలి’లో మణిరత్నం మరో దారి పట్టారు. నాయికా నాయకులిద్దరికీ ప్రాణాంతక వ్యాధులే అయినా, చావును చూపకుండా వాళ్లు బతికి ఉన్న క్షణం దగ్గరే కథ ఆపేశారు. ప్రేక్షకులు కన్నీళ్లతోనే బయటికి వచ్చారు, కానీ దర్శకుడు ఆ జంటలో ఎవరినీ చంపలేదు.

2010లో వరుణ్ సందేశ్ నాయకుడిగా ‘మరో చరిత్ర’ను తెలుగులో తిరిగి తీశారు. అది నిలబడలేదు. ఏడాదిపాటు ఉత్తరం ముక్కయినా లేకుండా ఉండాలన్న షరతు సెల్‌ఫోన్ల కాలపు ప్రేమికులకు పెట్టడమే కష్టం. పాత సినిమాలో చివరి పది నిమిషాల బరువంతా మోసింది ఆ షరతే.